వీపుకు అందని చెయ్యి

మనిషి ఒంటి మీద సొంత చెయ్యి అందని చోటు ఒకటే ఉంది. వీపు నడుమ, రెండు రెక్కల మధ్య. భుజం మీది నుంచి చెయ్యి వేసినా, నడుము దగ్గరి నుంచి పైకి తెచ్చినా అక్కడికి బెత్తెడు దూరంలో ఆగిపోతుంది. నమ్మకపోతే వేసి చూసుకోండి. యాభై దగ్గరపడేదాకా ఈ సంగతి నా ధ్యాసలోకే రాలేదు. రావాల్సిన పని పడలేదు. ఇంట్లో మా అత్త ఉండేది.

మాది ఎల్లారెడ్డిలో బీడీలు చేసే గల్లీ. పొద్దున చాయ్ తాగి ఇంటి పని ముగించామంటే, ఇంటింటా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంటారు. తునికాకు కత్తిరించాలి, అందులో చిటికెడు తంబాకు పోయాలి, వేళ్ల మధ్య చుట్టాలి, కొస మడవాలి, దారం కట్టాలి. చెప్పడానికి ఇంతే. నేను కామారెడ్డిలో ఇంటర్ చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. పుస్తకాలు పట్టిన చేతికి బీడీ ఏం లొంగుతుందని గల్లీ గల్లీ నవ్వింది. మా అత్త నవ్వలేదు. చాట తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఎట్లా చుట్టాలో చూపించకముందే ఒక మాట చెప్పింది.

"నూనె చేతులతోటి ఆకు ముట్టకు బిడ్డా."

మా గల్లీలో ఇంతకు మించిన నియమం లేదు. నూనె చెయ్యి తగిలితే ఆకు మీద మరక పడుతుంది. మరక పడ్డ బీడీ సరిగ్గా కాలదు. సాయంత్రం కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే టేకేదారు దాన్ని కంటితోనే పట్టేస్తాడు, పక్కకు పారేస్తాడు. అందుకే మా ఆడవాళ్లు తలకు, కాళ్లకు, పిల్లల ఒంటికి నూనె పెట్టే పనంతా కార్ఖానా సెలవు నాటికి దాచుకుంటారు. మిగతా దినాలు చెయ్యి పొడిగా ఉండాలి. పగిలినా సరే పొడిగానే ఉండాలి.

విచిత్రం ఏమిటంటే, ఆకుకు మాత్రం మేము చేయని సేవ లేదు. పొద్దున తడిపి, తడి గోనెపట్టాలో చుట్టి, గాలి తగలకుండా మూలకు పెడతాం. ఎండాకాలం గంటగంటకూ నీళ్లు చిలకరిస్తాం. చలిగాలికి చిట్లకుండా దుప్పటి కప్పుతాం. వానాకాలం బూజు పడుతుందని విప్పి ఆరబెడతాం. బాలింతకు కూడా అంత చేయరు. అదంతా చేసేది పగుళ్లు పడ్డ వేళ్లతోనే. ఈ మాట నేనంటే అత్త, "ఆకు ఎండితె పని వోతది, నువ్వు ఎండితె ఏం వోతది?" అని ఎగతాళి చేసేది.

ఎగతాళి మాటల వరకే. నా తోలు పుట్టుకతోనే ఎండు తోలు. నిజాంసాగర్ దిక్కు నుంచి చలిగాలి మొదలైతే చాలు, ఒళ్లంతా తెల్లగా పొట్టు లేచేది. గోటితో గీస్తే పలక మీద రాసినట్టు గీత పడేది. అత్తకు వేళ్లు వంకర తిరిగి బీడీలు మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది. గల్లీ మొత్తంలో ఖాళీగా ఉన్న చేతులు ఆమెవే. పొద్దున నేను స్నానం చేసి బయటికి రాగానే నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి పట్టుకొని సిద్ధంగా ఉండేది. "ఇటు తిరుగు" అనేది. నీళ్లు తుడుచుకోనిచ్చేది కాదు. తడి మీద నూనె పెడితేనే తోలు పట్టుకుంటుందట.

ఆమెకు ప్రతి కాలానికీ ఒక పద్ధతి ఉండేది. చలికాలం సలసల కాగే నీళ్లు పోసుకోనిచ్చేది కాదు, కోడికి ఈకలు పీకినట్టు తోలు ఊడుతుందని. సబ్బు బదులు శెనగపిండి. ఎండాకాలం నైలాన్ చీర కడితే ఊరుకునేది కాదు. చెమటకాయలు లేస్తే పుల్లటి మజ్జిగ పూసి, వేపాకు నీళ్లు పోసేది. వానాకాలం బురదలో కాలి వేళ్ల సందులు పాసిపోతే మైదాకు నూరి పెట్టేది. ఎర్రగా పండిన నా వేళ్ల సందులు చూసి, మొగుడు లేని ఇంట్లో ఈ సింగారం ఎవరికోసమని గల్లీవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

మొగుడు లేని ఇల్లు అంటే మరోలా అనుకోకండి. మా ఆయన మస్కట్‌లో ఉండేవాడు. ఇండ్లు కట్టే పని. పెళ్లయిన ఏడాదికే వెళ్లాడు. రెండు మూడేళ్లకోసారి వచ్చేవాడు, బంధువుల ఇండ్లు తిరిగేసరికి సెలవు అయిపోయేది. ఇద్దరం కలిసి ఉన్న దినాలు లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను. పిల్లలు కలగలేదు. అందరూ నన్నే చూసి పెదవి విరిచేవాళ్లు. అత్త మాత్రం వీపుకు నూనె పెడుతూ ఒకసారి, నా కొడుకు ఇంట్ల ఉండి కలగకపోతే అది నీ తప్పు అని గొణిగింది. నా మొహం చూసి అనలేనివన్నీ ఆమె నా వీపుతోనే చెప్పేది. తిట్లు కూడా అట్లాగే. నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో ఇన్నేళ్లు జంటగా బతికింది నేనూ మా అత్తానూ.

ఆమె వానాకాలం చివర్లో పోయింది. జ్వరమని రెండు పూటలు పడుకుంది, మళ్లీ లేవలేదు. మా ఆయనకు సెలవు దొరకలేదు. పక్కింటి అక్క ఫోన్ పట్టుకొని అన్నీ చూపిస్తుంటే అక్కడి నుంచి చూశాడు. మస్కట్‌లో ఏడ్చేవాడిని ఎల్లారెడ్డిలో ఎవరు ఓదార్చాలి? దినాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. ఇల్లు ఊడ్చుకొని, తలుపు వేసుకొని కూర్చున్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు, ఎవరూ ఇటు తిరగమనలేదు. బతుకమ్మలప్పుడు గల్లీ అంతా పాటలు పాడుతుంటే నేను ఇంట్లో చాట ముందు పెట్టుకొని ఊరికే కూర్చున్నాను.

చలికాలం వచ్చింది. అందిన మేరకు నేనే నూనె రాసుకున్నాను, అదీ పొద్దుగూకి ఆకు పక్కన పెట్టాక. వీపు అట్లాగే ఉండిపోయింది. మొదట దురద. దర్వాజకు ఆనుకొని బర్రెలా రుద్దుకునేదాన్ని. నవ్వొచ్చేది కూడా. తర్వాత పగిలింది. రూపాయి బిళ్లంత ఉన్నది అరచెయ్యంత అయింది. జాకెట్టుకు అంటుకుపోయి, విప్పేటప్పుడు పచ్చిగా లేచేది. అద్దానికి వీపు పెట్టి, ఇంకో చిన్న అద్దం చేత్తో పట్టుకొని చూసుకున్నాను. ఎండిన చెరువులో మన్ను నెర్రెలు ఇచ్చినట్టు ఉంది. భయమేసింది.

కామారెడ్డి వెళ్లాను. ఆధార్ చూపిస్తే బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, లింగంపేట మీదుగా కిటికీ పక్కన కూర్చొని వెళ్లాను. వీపు సీటుకు ఆనకుండా దారి పొడుగునా ముందుకు వంగి కూర్చునేసరికి పక్కనున్న ఆమె, వాంతి వస్తుందా అక్కా అని కవర్ ఇచ్చింది. స్టేషన్ దగ్గర ఒక చర్మం డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు, నిదానంగా చూసింది. ఇట్లాగే వదిలేస్తే చీము పడుతుంది, అప్పుడు చాలా తిప్పలు పడాల్సి వస్తుంది అంది. మందు రాసిచ్చింది. పొద్దున స్నానం కాగానే తడి ఆరకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, చలికాలం పోయేదాకా తప్పకుండా పూయాలని చెప్పింది. మా అత్త చెప్పిందే. చెయ్యి అందదు కదా, ఇంట్లో ఎవరితోనైనా పూయించుకోండి అంది. ఇంట్లో ఎవరూ లేరన్నాను. పక్కింటివాళ్లు ఉంటారు కదా అంది. ఉన్నారు, గల్లీ నిండా ఉన్నారు అన్నాను.

మర్నాడు పొద్దున పక్కింటి అక్క దగ్గరికి వెళ్లాను. నాకు అక్కడ ఆమె కంటే దగ్గర ఎవరూ లేరు. అత్త పోయినప్పుడు మూడు పూటలా బువ్వ తెచ్చి తినిపించిన మనిషి. వీపు చూపించి, ఇంత మందు పూయమని ట్యూబు చేతికివ్వబోయాను. ఆమె చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. మొహం ఎర్రబడింది.

"ఇప్పుడే ఆకు ముందటేసుకున్న చెల్లే. చెయ్యి జిడ్డయితె దినమంత ఖరాబైతది. పొద్దుగూకినంక రా, పూస్త."

ఆమెను తప్పు పట్టడానికి లేదు. నేనైనా అదే అనేదాన్ని. నాలుగిండ్లు దాటి చూశాను, అందరి ఒళ్లోనూ చాట ఉంది. ఆ గల్లీలో అన్ని చేతులుండి, పొద్దున పూట నా వీపు ముట్టగలిగే చెయ్యి ఒక్కటి లేదు. ట్యూబు కొంగున కట్టుకొని తిరిగి వచ్చాను.

సాయంత్రం వెళ్లాను. పాపం, అక్క అన్న మాట తప్పలేదు. సబ్బుతో చేతులు కడుక్కొని మరీ పూసింది. కానీ దినమంతా తంబాకులో మునిగిన చెయ్యి కడిగితే పోతుందా? అది గోళ్లలో ఉంటుంది, వేలి పగుళ్లలో ఉంటుంది. ఆమె వేళ్లు పచ్చి పుండు మీద తిరుగుతుంటే కారం చల్లినట్టయింది. కండ్లలో నీళ్లు తిరిగాయి. సల్లగుందా చెల్లే అని అడిగింది. సల్లగుంది అక్కా అన్నాను. బీడీలు చేసేవాళ్ల మధ్య దాదాపు ముప్ఫై ఏళ్లు బతికి, తంబాకు చేతికి పచ్చి వీపు అప్పజెప్పాలన్న తెలివి నాదే. రాత్రి బోర్లా పడుకొని పళ్లు కొరుక్కున్నాను. మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లలేదు. పూయించుకోవడం మానేశావేమని అడిగితే తగ్గిందని చెప్పాను.

నా చేత్తో నేనే పూసుకుందామని ఒక పొద్దున ప్రయత్నించాను. భుజం మీది నుంచి ఎంత సాగదీసినా సగం వరకే అందింది. అయినా కొంత పూసి, చెయ్యి సున్నిపిండితో తోమి, బూడిదతో రుద్ది, కొంగుతో తుడిచి ఆకు ముందు కూర్చున్నాను. డాక్టరమ్మ మందు మా బూడిదకు లొంగే రకం కాదు. సాయంత్రం కార్ఖానాలో టేకేదారు నా కట్ట విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏందమ్మా, బీడీలకు స్నో పూసినవు, పెండ్లిచూపులకు తోల్తున్నవా అన్నాడు. వరసలో ఉన్న ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. కట్ట మొత్తం పక్కకు పోయింది.

అప్పుడు తెడ్డు పట్టాను. అంబలి కలిపే చెక్క తెడ్డు, కొసకు అత్త పాత చీర ముక్క చుట్టి దారంతో బిగించాను. దానికి మందు రాసి, భుజం మీదుగా వీపు మీదికి వేసి, అటూ ఇటూ ఆడించేదాన్ని. నలుగురు చూస్తే మతిపోయిందనుకుంటారని వెనక అర్రలో తలుపు దగ్గరకు వేసుకునేదాన్ని. తెడ్డుకు ఎక్కడ నొప్పో తెలియదు. పుండు మీద గట్టిగా పడేది, పక్కన మెల్లగా పోయేది. మందు సగం జాకెట్టుకే అంటేది. అయినా అది లేకపోతే అదీ లేదు. ఒక్కోసారి తెడ్డు చేత్తో పట్టుకొని, తడి వీపుతో, చలికి వణుకుతూ ఊరికే నిలబడి ఏడ్చేదాన్ని. పుండు నొప్పికి ఏడ్చానని అనుకోకండి.

మా ఆయన వారానికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు. బొమ్మ కనిపించే ఫోనే. ఫోన్ దేనికో ఆనించి పెట్టి, చేతులు కిందికి దించి కూర్చునేవాడు. మొహం, వెనక పెచ్చులూడిన గోడ కనిపించేవి. తిన్నవా అంటాడు, తిన్న అంటాను. చలి ఉందా అంటాడు, ఉంది అంటాను. అంతకు మించి మాటలు మా ఇద్దరికీ అలవాటు కాలేదు. ఒకసారి నోరు జారి, ఒళ్లు పగులుతున్నదని అన్నాను. వీపు అని చెప్పలేదు. సముద్రం అవతలి మనిషికి వీపు చూపించి ఏం లాభం?

నెల తిరక్కుండా గాంధారి ఊరి మనిషి ఒకాయన మస్కట్ నుంచి సెలవు మీద వస్తూ ఒక సంచి తెచ్చాడు. బస్టాండ్ దగ్గర ఇచ్చిపోయాడు. ఇంటికి తెచ్చి విప్పితే అన్నీ ట్యూబులే. ఆకుపచ్చవి, తెల్లవి, నీలం మూతవి, అరబ్బీ అక్షరాలవి. బాదం వాసన ఒకదానిది, మందుల షాపు వాసన ఇంకోదానిది. మంచం మీద పరిచి చూసుకుంటే ఒళ్లు మండిపోయింది. ఇన్ని ట్యూబులు నేనేం చేసుకోవాలి, దుకాణం పెట్టుకోవాలా? పూసే చెయ్యి తప్ప అన్నీ పంపాడు. ఆ కోపంలో వాటిని అత్త సందూకులో పడేసి మూత వేశాను. ఫోన్‌లో అడిగితే, ముట్టినయి అని మాత్రం చెప్పాను.

ఎండాకాలం రాగానే పుండు కాస్త మాడింది. చెమటకు దురద మాత్రం వదల్లేదు. వానలు పడ్డాక మెత్తబడి, మానినట్టే మాని, నల్లటి మచ్చలా మిగిలింది. ఇక పోయిందనుకున్నాను. కార్తీకం దాటి గాలి మారిందో లేదో మళ్లీ అదే చోట దురద మొదలైంది. ఈసారి తెడ్డు వెతుక్కోవాల్సిన పని లేదు, అర్రలో మేకుకే వేలాడుతుంది.

అదే చలికాలం మా ఆయన వచ్చేశాడు. ఈసారి సెలవుకు కాదు, వీసా ఖతం చేసుకొని వచ్చాడు. పని అయిపోయిందని చెప్పాడు, నేనూ గుచ్చి అడగలేదు. నాలో నేను సంబరపడ్డాను, దాచడం దేనికి? ఇంట్లో బీడీలు చేయని చేతులు రెండు వస్తున్నాయని అనుకున్నాను. ఏ పెళ్లామైనా మొగుడు వస్తుంటే ఇట్లా అనుకుంటుందా? నేను అనుకున్నాను.

వచ్చినవాడు తెల్లటి బట్ట గ్లౌజులు తొడుక్కొని దిగాడు. చలి అన్నాడు. ఇంట్లోనూ తీయలేదు. అన్నం పెడితే చెంచా అడిగాడు. మా ఇంట్లో పుట్టి, మామిడికాయ తొక్కు కలిపిన అన్నం చేతివేళ్లు నాక్కుంటూ తిన్న మనిషి, చెంచాతో పప్పన్నం తింటుంటే నాకు ఎట్లాగో అయింది. గల్లీవాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. మస్కట్ దొర వచ్చిండు అన్నారు. రోడ్డు మీద ఎవరైనా చెయ్యి కలపబోతే దండం పెట్టి తప్పుకునేవాడు. రాత్రి ముందర్రలో టీవీ దగ్గరే ముసుగు తన్ని పడుకునేవాడు. వెనకర్రలో నేను.

నేనేం అనుకోవాలి? ఇన్నేళ్లు దూరంగా ఉన్న మనిషికి దగ్గర ఉండటం మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. నన్ను ముట్టుకోవడం ఇష్టం లేదేమో అని కూడా అనుకున్నాను. వీపు సంగతి చెబుదామని చాయ్ ఇచ్చేటప్పుడల్లా నోటిదాకా వచ్చేది. జాకెట్టు విప్పి, ఇంత మందు పూయి అని అడగడానికి అతను నాకు చుట్టంలాగే ఉన్నాడు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎవరూ లేరని ఏడవడానికైనా ఉండేది. ఇప్పుడు ముందర్రలో దగ్గు వినిపిస్తూ ఉంటుంది, నేను వెనకర్రలో తెడ్డుతో పూసుకుంటూ ఉంటాను. పోయిన చలికాలమే నయమనిపించింది.

ఒక పొద్దున అట్లాగే స్నానం చేసి వచ్చి, తడి ఆరకముందే తెడ్డు వీపు మీదికి వేశాను. తలుపు గడియ సరిగ్గా పడనట్టుంది. అతను దుప్పటి పెట్టడానికి లోపలికి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేను చీర లాక్కోబోతే తెడ్డు కింద పడింది. అతను దాన్ని తీసి, కొసకు చుట్టిన చీర ముక్కను చాలాసేపు చూశాడు. అది వాళ్లమ్మ చీరని గుర్తుపట్టాడు.

"ఎప్పటి సంది గిట్ల?" అని అడిగాడు.

అత్త పోయినప్పటి నుంచి అన్నాను. మరి నాకు చెప్పొద్దా అన్నాడు. చెబితే ఏం పంపేవాడివి, ఇంకో సంచెడు ట్యూబులా అన్నాను. ఇన్నేళ్లలో అతనితో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి. గొంతు నాదేనా అనిపించింది. అతను దగ్గరికి వచ్చి, మందు గ్లౌజు మీద వేసుకొని, నన్ను అటు తిప్పి, వీపు మీద చెయ్యి పెట్టాడు. మెల్లగా పూయబోయాడు. మందంతా బట్ట తాగేసింది. వీపుకు నూలు గుడ్డ తగిలింది, అంతే. తెడ్డుకూ దానికీ తేడా లేదు.

గ్లౌజు తీయమన్నాను. వద్దన్నాడు. ఎందుకు వద్దు అన్నాను. వద్దంటే వద్దన్నాడు. నాకు తిక్కరేగి, ఇటు తిరిగి, చెయ్యి పట్టుకొని నేనే లాగేశాను.

చెయ్యి చూశాను. అరచేతిలో గీతలు లేవు. తోలు మందంగా, బూడిద రంగులో, ఎండిన పేడలాగా బిరుసెక్కి ఉంది. వేళ్ల కీళ్ల దగ్గర నిలువునా చీలి లోపలి ఎర్రదనం కనిపిస్తోంది. రెండు గోళ్లు లేవు. గ్లౌజు లోపలంతా రక్తం మరకలు. ఉప్పూ కారం తగిలితే ఆ చెయ్యి ఏమవుతుందో నాకు వేరే చెప్పక్కర్లేదు. సిమెంటు తిన్నదని చెప్పాడు. పోయినసారి సెలవు అయి వెళ్లినప్పటి నుంచి తింటూనే ఉందట. పట్టు ఆగక తాపీ జారిపోతుంటే పనిలోంచి తీసేశారట. నాకు పంపిన ట్యూబులన్నీ అతను ఒక్కొక్కటీ పూసి చూసి, కాస్త నయంగా అనిపించినవి ఏరి పంపినవేనట. ఫోన్ ఎందుకు దేనికో ఒకదానికి ఆనించేవాడో అప్పుడు తెలిసింది.

అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"బండ తీర్గున్నయి. నీ ఈపు గీరుకపోతది."

"గీరుకపోని" అన్నాను.

మళ్లీ అటు తిరిగి నిలబడ్డాను. కాసేపు ఏమీ తగల్లేదు. వెళ్లిపోయాడేమో అనుకున్నాను. తర్వాత వట్టి చెయ్యి వచ్చి వీపు నడుమ ఆనింది. గరుకుగా ఉంది. పగుళ్ల అంచులు పుండుకు గీసుకుంటూ తిరిగాయి. అయినా ఎక్కడ నొప్పో ఆ చేతికి తెలిసింది, అక్కడికి రాగానే మెల్లబడింది. మంటగా ఉందా అని అడిగాడు. ఉంది అన్నాను. తీసేయనా అన్నాడు. వద్దన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆపాలని కూడా చూడలేదు.

పూయడం అయ్యాక చీర చుట్టుకొని, అతన్ని మంచం మీద కూర్చోబెట్టాను. సందూకు తెరిచి ట్యూబులన్నీ బయటికి తీశాను. ఏది బాగా పనిచేసిందని అడిగితే నీలం మూతది చూపించాడు. మూత తీసి, నా అరచేతిలో నిండా పిండుకున్నాను. రెండు చేతులకూ రాసుకొని, అతని చేతులు నా ఒళ్లో పెట్టుకొని, ఒక్కో వేలూ రుద్దడం మొదలుపెట్టాను. ముందర్రలో తడి గోనెపట్టాలో ఆకు నా కోసం కాచుకొని ఉంది. వాకిట్లో అప్పటికే చాటల చప్పుడు వినిపిస్తోంది. అతను బీడీల ఇంట్లో పుట్టినవాడు. జిడ్డుతో మెరుస్తున్న నా చేతుల దిక్కు చూశాడు.

"మరి బీడీలెట్ల చేస్తవ్?" అన్నాడు.

"ఇయ్యాల చెయ్య" అన్నాను.